అరవై కార్డుల విద్య: మ్యాజిక్ ఆటలో డెక్ నిర్మాణ చరిత్ర

రమ్మీ వంటి పేకాటలో అందరికీ ముక్కలు ఒకే కట్టనుంచి పంచుతారు గనుక, ముక్కలు పడిన తీరు కొంతా ఆడిన తీరు కొంతా కలిసి గెలుపోటములను తేలుస్తాయి. ట్రేడింగ్ కార్డ్ గేమ్ అనే ఆటల కుటుంబంలో ఈ ఏర్పాటు పూర్తిగా వేరు. ఇక్కడ ప్రతి ఆటగాడూ వేలాది రకాల కార్డుల్లోంచి తనకు కావలసినవాటిని ఏరుకుని, డెక్ అని పిలిచే సొంత కట్టను ముందే కూర్చుకుని పోటీకి వస్తాడు. ఏ కార్డు పెట్టుకోవాలి, ఎన్ని ప్రతులు పెట్టుకోవాలి, దేన్ని వదులుకోవాలి అన్న నిర్ణయాలన్నీ ఆట మొదలయ్యేలోగా అయిపోతాయి కాబట్టి, పోటీలో సగభాగం బల్ల ముందు కూర్చోక మునుపే జరుగుతుందని చెప్పాలి.

మ్యాజిక్ అనే ఆటలో ఈ సగభాగానికి నేడు ఒక స్థిరపడిన విద్య ఉంది. అరవైకి మించి ఒక్క కార్డు కూడా పెట్టవద్దని, ముఖ్యమైన కార్డుకు నాలుగు ప్రతులు ఉంచాలని, తక్కువ ఖర్చు కార్డులను తగినన్ని చేర్చాలని, ఎదుటివారు ఏ డెక్‌తో వస్తారో అంచనా వేసి తన డెక్‌ను కూర్చాలని అనుభవజ్ఞులు కొత్తవారికి చెబుతారు. తేలికగా వినిపించే ఈ సలహాల్లో ప్రతి ఒక్కటీ 1993 నుంచి 2001 వరకు సాగిన ప్రయోగాల, ఓటముల, వాదోపవాదాల ఫలితం. ఆటను సృష్టించినవారు నియమాలు ఇచ్చారు. ఆ నియమాల లోపల ఏ వనరు నిజంగా కొరతగా ఉందో ఒక్కొక్కటిగా కనిపెట్టినవారు ఆటగాళ్లు. మొదట కార్డు, తరువాత కాలం, ఆపైన ప్రాణం, చివరకు ప్రత్యర్థిని గురించిన తెలివిడి విలువైన వనరులుగా గుర్తింపు పొందిన క్రమమే డెక్ నిర్మాణ చరిత్ర.

ఆట పుట్టుక

పీటర్ అడ్కిసన్ 1990లో అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అనే చిన్న సంస్థను మిత్రులతో కలిసి నెలకొల్పాడు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో గణితశాస్త్ర పరిశోధన చేస్తున్న రిచర్డ్ గార్‌ఫీల్డ్ 1991లో రోబోర్యాలీ అనే బోర్డు ఆటను ఆయనకు చూపించగా, దాని తయారీ ఖర్చు తమ సంస్థ మోయలేదని భావించిన అడ్కిసన్, తేలికగా వెంట తీసుకుపోగలిగి, ఆటల సమ్మేళనాల్లో దొరికే కొద్ది విరామంలోనే ఆడి ముగించగలిగే ఆట కావాలని కోరాడు. ఆ కోరికకు జవాబుగా రూపొందిన మ్యాజిక్: ద గ్యాదరింగ్ 1993 ఆగస్టులో, 295 రకాల కార్డులతో వెలువడింది.

ఈ ఆటలో ఇద్దరు ఆటగాళ్లూ ఇరవై ప్రాణ పాయింట్లతో మొదలయ్యే మాంత్రికులు. డెక్‌ను కలిపి ఏడు కార్డులు చేతిలోకి తీసుకుంటారు. ఆ తరువాత వంతుకు ఒక్కొక్క కార్డు తీస్తారు. ల్యాండ్ అనే కార్డులను వంతుకు ఒకటి చొప్పున బల్లమీద పరుస్తూ పోతే వాటినుంచి మానా అనే మంత్రశక్తి పుడుతుంది; మానాకూ కార్డులకూ రంగులుంటాయి, ఒక రంగు కార్డుకు ఆ రంగు మానా కావాలి. దాన్ని ఖర్చుచేసి జీవులను రప్పించడం, మంత్రాలు ప్రయోగించడం ద్వారా ఎదుటివారి ప్రాణ పాయింట్లను సున్నాకు దించినవారు గెలుస్తారు. ల్యాండ్ కార్డులు మరీ తక్కువైతే చేతిలోని మంత్రాలు నిరుపయోగంగా మిగిలిపోతాయి. మరీ ఎక్కువైతే మానా ఉండీ దాన్ని ఖర్చుచేసేందుకు ఏమీ ఉండదు. డెక్ నిర్మాణంలోని మొదటి చిక్కు ఆట మూల నియమంలోనే ఉన్నదన్నమాట.

కార్డులను అరవై ఉన్న స్టార్టర్ పెట్టెల్లోనూ, పదిహేను ఉన్న బూస్టర్ ప్యాకెట్లలోనూ అమ్మేవారు. లోపల ఏవి ఉన్నాయో కొనేదాకా తెలియదు. కార్డులు సాధారణం, మధ్యరకం, అరుదైనవి అని మూడు తరగతులుగా ముద్రితమయ్యేవి. ప్రజలు ఒకటి రెండు పెట్టెలు, కొన్ని ప్యాకెట్లు మాత్రమే కొంటారని, అందుచేత బలమైన అరుదైన కార్డు ఒక ఊరి ఆటగాళ్ల మధ్య ఏ ఒక్కరి దగ్గరో ఉంటుందని గార్‌ఫీల్డ్ తలచాడు. డెక్‌లో కనీసం నలభై కార్డులు ఉండాలన్న నియమం తప్ప ఒకే కార్డును ఎన్ని ప్రతులైనా పెట్టుకోకుండా ఆపే నియమం ఏదీ అప్పట్లో లేకపోవడానికి ఈ అంచనాయే కారణం.

అంచనా తప్పింది. జనం ప్యాకెట్ల కొద్దీ కొన్నారు, మార్చుకున్నారు, బలమైన కార్డులను పోగుచేశారు. బ్లాక్ లోటస్ అనే కార్డు ఖర్చేమీ లేకుండా మూడు మానా ఇస్తుంది; ఛానల్ అనే మంత్రం ప్రాణ పాయింట్లను మానాగా మార్చుకోనిస్తుంది; ఫైర్‌బాల్ ఎంత మానా పోస్తే అంత దెబ్బ తీస్తుంది. ఒక ల్యాండ్‌తో పాటు ఈ మూడూ మొదటి ఏడు కార్డుల్లో పడితే, లోటస్ మానాలో రెండింటితో ఛానల్ వేసి, పంతొమ్మిది ప్రాణ పాయింట్లను మానాగా మార్చి, మిగిలిన లోటస్ మానాను కూడా కలిపి ఇరవై పాయింట్ల ఫైర్‌బాల్‌తో ప్రత్యర్థిని మొదటి వంతులోనే ముగించవచ్చు. ప్రతులకు పరిమితి లేని చోట ఇటువంటి కూర్పు తరచుగా చేతికి వచ్చేలా చేయడం డబ్బు ఉన్నవారికి కష్టం కాదు. ఆ స్థితిలో డెక్ నిర్మాణానికి విద్యతో కన్నా కొనుగోలు శక్తితోనే ఎక్కువ సంబంధం ఉండేది.

పరిమితులు, వాటి గణితం

పోటీల నిర్వహణకు సంస్థ ఏర్పరచిన డ్యూయలిస్ట్స్ కన్వొకేషన్ 1994 ఆరంభంలో ప్రకటించిన నియమాలు ఆట స్వరూపాన్ని మార్చివేశాయి. డెక్‌లో కనీసం అరవై కార్డులు ఉండాలి. ప్రాథమిక ల్యాండ్లు మినహా ఏ కార్డైనా నాలుగు ప్రతులకు మించరాదు. బ్లాక్ లోటస్, ఒకే ఒక్క మానాతో మూడు కార్డులు తీయనిచ్చే యాన్సెస్ట్రల్ రీకాల్ వంటి అతిబలమైన కార్డులు ఒక్కొక్క ప్రతి మాత్రమే ఉండాలి. ఒక ఆట ముగిసి అదే ప్రత్యర్థితో మరో ఆట మొదలుపెట్టే ముందు మార్చుకోవడానికి సైడ్‌బోర్డు అనే పదిహేను కార్డుల అదనపు నిల్వకు కూడా అనుమతి ఇచ్చారు.

ఈ అంకెల వెనుక ఉన్న సంభావ్యత గణితం చిన్నదే గాని దాని పర్యవసానాలు పెద్దవి. అరవై కార్డుల డెక్‌లో ఒక కార్డుకు నాలుగు ప్రతులుంటే మొదటి ఏడింటిలో కనీసం ఒకటి రావడానికి దాదాపు 40 శాతం అవకాశం ఉంటుంది. ఒకే ప్రతి ఉంటే ఆ అవకాశం 12 శాతం లోపే. అదే నాలుగు ప్రతులు నలభై కార్డుల డెక్‌లో ఉంటే 55 శాతం దాకా, ఎనభై కార్డుల డెక్‌లో ఉంటే 31 శాతం వరకే అవకాశం దక్కుతుంది. డెక్ పెరిగినకొద్దీ మంచి కార్డు చేతికి అందే అవకాశం పలచబడుతుంది గనుక, నియమం అనుమతించే కనిష్ఠ సంఖ్యను దాటవద్దన్న సలహా స్థిరపడింది. అరవై ఒకటవ కార్డు ఎంత మంచిదైనా తక్కిన అరవైలో ఉత్తమమైనదాన్ని కాస్త దూరం జరుపుతుందన్న ఎరుక ఈ విద్యలో తొలి పాఠం.

1994 ఆగస్టులో మిల్వాకీ నగరంలో జరిగిన మొదటి ప్రపంచ పోటీలో అమెరికాకు చెందిన జాక్ డోలన్ గెలిచాడు. మరుసటి సంవత్సరం ఆరంభంలో టైప్ 2 అనే కొత్త విధానం వచ్చింది. కార్డులు విడతలుగా వెలువడే సంచికల్లో తాజా మూల సంచికకూ చివరి రెండు విస్తరణ సంచికలకూ మాత్రమే చోటిచ్చిన ఈ విధానమే తరువాత స్టాండర్డ్ అయింది. పాత సంచికలు క్రమంగా తప్పుకుంటూ కొత్తవి చేరుతూ ఉండడంతో కూర్చిన డెక్ శాశ్వతం కాకుండా పోయింది, డెక్ నిర్మాణం ఎడతెగని పరిశోధనగా మారింది.

కార్డే సంపద

ఆట తొలినాళ్లలో చాలామంది తమ డెక్‌లో పెద్ద పెద్ద జీవులను నింపి దాడికి పోటీపడేవారు. కాలిఫోర్నియాకు చెందిన బ్రయన్ వైస్‌మన్ 1995 నాటికి ప్రసిద్ధికి తెచ్చిన కూర్పు ఈ ఆలోచనను తలకిందులు చేసింది. ఆటగాళ్ల లోకంలో కేవలం ద డెక్ అన్న పేరుతోనే నిలిచిపోయిన ఆ కూర్పులో గెలుపు సాధనంగా ఉన్నవి సెరా ఏంజెల్ అనే ఎగిరే జీవి ప్రతులు రెండు మాత్రమే. తక్కినదంతా ఎదుటివారి పన్నాగాలను ఆపడానికి, వారి చేతిని ఖాళీచేయడానికి, తన చేతిని నింపుకోవడానికి కేటాయించినదే.

ఈ కూర్పు వెనుక ఉన్న సిద్ధాంతాన్ని కార్డ్ అడ్వాంటేజ్ అంటారు. ఇద్దరికీ వంతుకు ఒకే కార్డు వస్తున్నప్పుడు, తన ఒక కార్డుతో ఎదుటివారి రెండు మూడు కార్డులను నిరర్థకం చేయగలిగినవారు కాలక్రమంలో తప్పక పైచేయి సాధిస్తారన్నది దాని సారాంశం. మోట్ అనే కార్డు బల్లమీద ఉంటే ఎగరలేని జీవులేవీ దాడి చేయలేవు. అంటే ఎదుటి డెక్‌లోని నేలమీది జీవులన్నీ ఒకే ఒక్క కార్డుతో పనికిరాకుండా పోతాయి. ఎగరగలిగిన సెరా ఏంజెల్‌కు మాత్రం ఆ అడ్డు లేదు. డిస్రప్టింగ్ సెప్టర్ అనే పరికరం వంతు వంతుకూ ప్రత్యర్థి చేతినుంచి ఒక్కొక్క కార్డును పారేయిస్తుంది. విడివిడిగా చూస్తే సాధారణంగా కనిపించే కార్డులు కూడా ఒకదాని లోటును మరొకటి పూడ్చే విధంగా కూర్చినప్పుడు ఎంత బలం పుంజుకుంటాయో వైస్‌మన్ కూర్పు రుజువు చేసింది. నిదానంగా ఆటను అదుపులోకి తెచ్చుకుని గెలిచే ఇటువంటి డెక్‌లకు కంట్రోల్ అన్న పేరు స్థిరపడింది. కూర్పు వివరాలూ దాని వెనుక హేతువులూ ఇంటర్నెట్ చర్చల్లో, లేఖల్లో బహిరంగంగా పంచుకోవడం కూడా ఈ దశలోనే ఊపందుకుంది. డెక్ నిర్మాణం వ్యక్తిగత రహస్యం స్థాయినుంచి ఉమ్మడి జ్ఞానం స్థాయికి ఎదిగిందంటే ఆ అలవాటే కారణం.

కాలం, ప్రాణం

కార్డుల లెక్కకు జవాబు కాలం లెక్కలో దొరికింది. 1996లో అట్లాంటాలో జరిగిన ఒక అర్హత పోటీలో పాల్ స్లై అనే ఆటగాడు రెండో స్థానం పొందిన డెక్‌ను చూసినవారికి మొదట ఆశ్చర్యమే కలిగింది. రెండు మానా ఖర్చుతో వచ్చి, తనకు సమానమైన బలం ఉన్న జీవిని కూడా అడ్డుకోలేని ఐరన్‌క్లా ఆర్క్స్ వంటి, ఎవరూ లెక్కచేయని ఎరుపు రంగు కార్డులు అందులో ఉన్నాయి. ఆ డెక్‌ను రూపొందించినది జే ష్నైడర్. అయినా ఆ పద్ధతికి స్లై పేరే మిగిలింది.

మొదటి వంతులో ఒక మానా, రెండో వంతులో రెండు, మూడో వంతులో మూడు చొప్పున అందుబాటులోకి వచ్చే శక్తిని ఏ వంతులోనూ వృథా పోనివ్వకుండా ఖర్చుచేయడం ష్నైడర్ ఆలోచనకు మూలం. అందుకోసం ఆయన ఒక్కొక్క ఖర్చు స్థాయిలో ఎన్ని కార్డులుండాలో లెక్కించి డెక్‌ను కూర్చాడు. ఖర్చును బట్టి కార్డుల సంఖ్యను గీతగా గీస్తే ఏర్పడే వంపును మానా కర్వ్ అంటారు; ఈనాడు ఏ డెక్‌ను పరీక్షించాలన్నా మొట్టమొదట చూసేది ఆ వంపునే. బలమైన కార్డులు చేతిలో పెట్టుకుని ఐదో వంతు కోసం ఎదురుచూసే ప్రత్యర్థిని, బలహీనమైన కార్డులతోనే మొదటి నాలుగు వంతుల్లో కోలుకోలేని స్థితికి తేవచ్చని తేలింది. వాడని మానా పోయిన కాలంతో సమానమన్న ఈ గ్రహింపు వేగమే ప్రధానంగా ఉండే అగ్రో డెక్‌లకు శాస్త్రీయమైన పునాది వేసింది.

అదే ఏడాది మరో వనరు విలువ కూడా బయటపడింది. 1995లో ఐస్ ఏజ్ సంచికలో వచ్చిన నెక్రోపొటెన్స్ అనే నలుపు కార్డును మొదట్లో చాలామంది చిన్నచూపు చూశారు. దాన్ని వేసినవారు వంతుకు తీసే కార్డును వదులుకోవాలి. అందుకు బదులుగా ఒక్కో ప్రాణ పాయింటు చెల్లించి ఒక్కో కార్డు పొందవచ్చు. ప్రాణాన్ని కాపాడుకోవలసినదిగా మాత్రమే చూసేవారికి ఇది నష్టపు బేరంగా కనిపించింది. ఇరవై పాయింట్లలో చివరిది పోయినప్పుడే ఓటమి గనుక మొదటి పంతొమ్మిదీ ఖర్చుపెట్టదగిన పెట్టుబడేనని గుర్తించినవారికి మాత్రం అది అంతులేని కార్డుల భాండాగారమైంది. 1996 వేసవిలో నెక్రోపొటెన్స్ డెక్‌లు పోటీలను ఎంతగా ముంచెత్తాయంటే, ఆ కాలాన్ని ఆటగాళ్లు నేటికీ బ్లాక్ సమ్మర్ అనే పేర్కొంటారు.

ఆ వేసవి చివర సియాటిల్ ప్రాంతంలో జరిగిన ప్రపంచ పోటీలో ఆస్ట్రేలియాకు చెందిన టామ్ చాన్‌ఫెంగ్ తెల్లరంగు చిన్న జీవులతో నిండిన డెక్‌తో గెలిచాడు. పోటీకి ముందు సమర్పించవలసిన డెక్ జాబితాలో అడార్కర్ వేస్ట్స్ అనే రెండురంగుల ల్యాండ్లను రాయడం మరచిపోయినందువల్ల అతని డెక్‌లో నీలిరంగు మానా పుట్టించే కార్డే లేకపోయింది, అందులోని నీలిరంగు మంత్రం ఆద్యంతం నిష్ప్రయోజనంగానే ఉండిపోయింది. అయినా డెక్ గెలవగలిగిందంటే దాని మిగిలిన కూర్పు ఎంత పొందికగా, ఎంత వేగంగా ఉందో ఊహించవచ్చు.

కాంబోలు, నిషేధాలు

1996 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో మొదలైన ప్రో టూర్ అనే పోటీల పరంపర నగదు బహుమతులతో ఈ విద్యను ఒక వృత్తిస్థాయికి చేర్చింది. మొదటి పోటీలో మైకేల్ లొకాంటో గెలిచాడు. ఆ పరంపరలో భాగంగా 1997లో పారిస్‌లో జరిగిన పోటీలో మైక్ లాంగ్ ప్రాస్‌బ్లూమ్ అనే డెక్‌తో విజయం సాధించడం కాంబో డెక్‌ల చరిత్రలో ఒక మైలురాయి. కాంబో అంటే విడిగా పెద్దగా పనికిరాని కొన్ని కార్డులు ఒకచోట చేరినప్పుడు ఒకే వంతులో ఆటను ముగించే ఏర్పాటు. ప్రాస్‌బ్లూమ్‌లో ప్రాస్పెరిటీ చేతినిండా కార్డులు తెస్తుంది, కడావరస్ బ్లూమ్ ఆ కార్డులను మానాగా మారుస్తుంది, ఆ మానా మరింత పెద్ద ప్రాస్పెరిటీకి దారితీస్తుంది. చివరకు పోగైన మానా అంతా డ్రెయిన్ లైఫ్ మంత్రంగా ప్రత్యర్థి మీద పడుతుంది. ఈ తరహా డెక్‌లో ప్రతి కార్డూ యంత్రభాగమే కాబట్టి, ఏది తీసివేస్తే యంత్రం ఆగిపోతుందో తెలుసుకోవడమే దాన్ని కూర్చడంలోనూ ఎదుర్కోవడంలోనూ కీలకం.

1998 అక్టోబరులో వెలువడిన అర్జాస్ సాగా సంచిక ఈ ధోరణిని అదుపు తప్పించింది. బల్లమీది పరికరాల సంఖ్యకు సమానంగా నీలి మానా ఇచ్చే టొలేరియన్ అకాడమీ అనే ల్యాండ్ ఆధారంగా తయారైన డెక్‌లు మొదటి కొద్ది వంతుల్లోనే ఆటను తేల్చివేసేవి. ఆ ఏడాది రోమ్ ప్రో టూర్‌ను ఫిన్లాండ్‌కు చెందిన టామి హోవి అటువంటి డెక్‌తోనే గెలిచాడు. కాంబో వింటర్‌గా పేరుపడిన ఆ శీతాకాలంలో అకాడమీతో పాటు అనేక కార్డులు నిషేధానికి గురయ్యాయి. 2005 మార్చిలో ఆర్క్‌బౌండ్ రావేజర్ అనే కార్డునూ పరికర ల్యాండ్లనూ, 2011లో జేస్, ద మైండ్ స్కల్ప్టర్ అనే కార్డునూ స్టాండర్డ్ నుంచి తొలగించడం ఇదే కోవకు చెందిన చర్యలు. ఒకే డెక్ అన్నిటినీ ఓడించగలిగినప్పుడు ఎంపికకు అర్థం పోతుంది. ఎంపిక లేనిచోట డెక్ నిర్మాణ విద్యకు నిలువ నీడ ఉండదు. నిషేధాలు ఆటగాళ్లకు తాత్కాలికంగా బాధ కలిగించినా, ఈ విద్య బతికి ఉండడానికి అవి చేసిన మేలు కాదనలేనిది.

ప్రత్యర్థిని చదవడం

దూకుడు, అదుపు, కాంబో అనే మూడు దారులు ఏర్పడ్డాక, ఏది ఉత్తమమన్న ప్రశ్నకు ఎదుట ఎవరున్నారన్న ప్రశ్నతోనే జవాబు చెప్పవలసి వచ్చింది. 1999లో మైక్ ఫ్లోరెస్ రాసిన హూస్ ద బీట్‌డౌన్ అనే వ్యాసం ఈ మలుపునకు గుర్తుగా నిలిచింది. దాదాపు ఒకే తరహా డెక్‌లు తలపడినా వాటిలో ఒకటి దాడి చేయవలసినదీ మరొకటి కాచుకోవలసినదీ అయి ఉంటుందని, తన పాత్ర ఏదో పొరపాటుగా అర్థం చేసుకున్నవారు ఎంత నేర్పుగా ఆడినా ఓడిపోతారని ఆయన వాదించాడు. డెక్‌కు స్వభావం శాశ్వతంగా ఉండదని, ప్రత్యర్థిని బట్టి అది మారుతుందని దీని తాత్పర్యం. సైడ్‌బోర్డులోని పదిహేను కార్డులను ఎలా ఏరుకోవాలన్న విషయానికి ఈ ఆలోచనతో ఒక క్రమం ఏర్పడింది.

ఒక పోటీకి ఎటువంటి డెక్‌లు ఎంత సంఖ్యలో రావచ్చునన్న అంచనాను మెటాగేమ్ అంటారు. 2001లో టోక్యో ప్రో టూర్‌కు ఎరుపు డెక్‌లు విరివిగా వస్తాయని ఊహించిన జ్వీ మోషోవిట్జ్, ఎరుపు కార్డులేవీ తాకలేని తెలుపు, నీలి జీవులను సైడ్‌బోర్డులో దాచకుండా ప్రధాన డెక్‌లోనే పెట్టి, ద సొల్యూషన్ అని పేరుపెట్టిన ఆ కూర్పుతో పోటీని గెలిచాడు. మరో సందర్భంలో బలహీనంగా తేలగల కార్డులు ఆ మూడు రోజుల్లో సరైన జవాబులయ్యాయి. కార్డు విలువ కార్డులో మాత్రమే ఉండదని, అది ఎదుర్కోబోయే డెక్‌లను బట్టి హెచ్చుతగ్గులకు లోనవుతుందని ఇంతకన్నా స్పష్టంగా చూపిన ఉదాహరణ అరుదు.

సోదర ఆటలు, నిలిచిన హేతువులు

జపానులో 1996లో వచ్చిన పోకెమాన్ కార్డుల ఆటలో డెక్ కచ్చితంగా అరవై కార్డులే ఉండాలి. అందులో ఆరు కార్డులు బహుమతి కార్డులుగా మొదటే పక్కకు పోతాయి కాబట్టి, ఒకే ప్రతి మీద ఆధారపడిన కూర్పు అక్కడ మరింత ప్రమాదకరం. 1999లో మొదలైన యు-గి-ఓ ఆటలో మానా వంటిది లేదు. నలభై కార్డులు కనిష్ఠం, ఒక్కొక్కటి మూడు ప్రతులు గరిష్ఠం. 2014లో వచ్చిన హార్త్‌స్టోన్ అనే కంప్యూటర్ ఆటలో మానా వంతువంతుకూ తానే పెరుగుతుంది. డెక్ ముప్పై కార్డులు, ప్రతులు రెండు. ల్యాండ్ల నిష్పత్తికి సంబంధించిన సలహాలు ఈ రెండు ఆటల్లోనూ వర్తించవు, కానీ కనిష్ఠ సంఖ్యను దాటరాదన్న సలహా యు-గి-ఓకు, ఖర్చుల వంపును చూసుకోవాలన్న సలహా హార్త్‌స్టోన్‌కు యథాతథంగా సరిపోతాయి.

గణితం కూడా అనుభవానికి తోడైంది. మొదటి వంతులోనే ఒక నిర్దిష్ట రంగు మానా కావలసిన కార్డును నమ్మకంగా వేయాలంటే అరవైలో ఆ రంగునిచ్చే ల్యాండ్లు దాదాపు పద్నాలుగు అవసరమని నెదర్లాండ్స్‌కు చెందిన ఆటగాడు, గణిత పరిశోధకుడు ఫ్రాంక్ కార్‌స్టెన్ 2013లో లెక్కగట్టి చూపాడు. అంతకుముందు ఉజ్జాయింపుగా చెప్పుకునే అంచనాలకు దానితో పరీక్షించదగిన ఆధారం లభించింది.

గెలిచిన డెక్ జాబితాలు ఇప్పుడు క్షణాల్లో అందరికీ అందుతాయి కాబట్టి, కొత్తవారు వాటిని ఉన్నదున్నట్టు దించుకోవడం సహజం. అయితే ఈ చరిత్ర ఇచ్చే సలహా అంతకన్నా విలువైనది. వైస్‌మన్ కార్డులు నేడు చాలా పోటీల్లో చెల్లవు, ష్నైడర్ ఎంచుకున్న జీవులను ఎవరూ పెట్టుకోరు, ద సొల్యూషన్ టోక్యో పోటీకి తప్ప మరోదానికి పుట్టలేదు. వారు కనిపెట్టిన హేతువులు మాత్రం సంచికలు మారినా, ఆటలే మారినా చెక్కుచెదరలేదు. డెక్ కూర్చేవారు ప్రతి కార్డు దగ్గరా ఆగి, ఇది తనకు కార్డును మిగులుస్తుందా, కాలాన్ని మిగులుస్తుందా, ప్రాణాన్ని సరైన ధరకు మారుస్తుందా, రాబోయే ప్రత్యర్థికి జవాబు అవుతుందా అని ప్రశ్నించుకోవాలి. ఈ నాలుగు ప్రశ్నల్లో ఏ ఒక్కదానికీ అవునని చెప్పలేని కార్డు ఎంత అరుదైనదైనా, ఎంత ఖరీదైనదైనా దానికి అరవైలో స్థానం లేదు.